నొప్పికి మార్కులు

నాకు నొప్పి చెప్పుకోవడం రాదు. ఇది గొప్ప కోసం చెప్తున్న మాట కాదు. ఈ రాకపోవడం వల్లనే నా కాళ్ళలో, చేతుల్లో స్పర్శ సగం పోయింది. అందుకే రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. ఊరికి తూర్పున మా మాదిగవాడ. నాయిన చెప్పులు కుట్టేటోడు. వాడ చివర లంద ఉండేది. తంగేడు చెక్క నానేసిన ఆ నీళ్ళ వాసన మా బట్టలకు, మా పుస్తకాలకు కూడా పట్టేది. ఒకనాడు ఎవరిదో పటేలు కిర్రుచెప్పులు కుడుతుంటే ఆరె జారి నాయిన అరచేతిలో దిగింది. ఇవతల నుంచి అవతలకు రాలేదు గాని బాగానే దిగింది. పక్కన అరుగు మీద కూర్చున్న పటేలు "ఏందిరా, ఏమైంది?" అన్నాడు. నాయిన ఆరె పీకేసి చెయ్యి గోచిగుడ్డకు తుడుచుకొని "ఏంగాలే దొరా" అన్నాడు. అంతే. మళ్ళీ కుట్టు మొదలు పెట్టిండు. నాకప్పుడు ఏడేండ్లు. మా నాయినకు నొప్పి కాదేమో అనుకున్నాను.

రాత్రి పసుపు పెట్టి కట్టు కడుతుంటే పండ్లు బిగపట్టి మూలిగిన మూలుగు విన్నాక తెలిసింది, నొప్పి అయితదని. అయితది గాని దాన్ని వాళ్ళ ముందు చెప్పొద్దని.

మా అవ్వ నాట్లకు పోయేది. కాళ్ళు చెడి, వేళ్ళ సందులు పుండ్లయి తెల్లగా ఉబ్బిపోయేవి. జరమొచ్చిందంటే "పని దొంగలు, సాకులు చెప్తరు" అనేవాళ్ళు. కూలి కోసేవాళ్ళు. అందుకని అవ్వకు కూడా ఎప్పుడూ ఏంగాలేదు. ఊరికి వారానికోసారి వచ్చే ఆరెంపీ డాక్టరు మా వాడ మొగదల సైకిలు ఆపి, చెయ్యి పట్టి చూడకుండానే గోలీలు కాయితంలో చుట్టి విసిరేవాడు. "ఎక్కడ నొప్పి?" అని అడగలేదు. అడిగితే కదా చెప్పడం వచ్చేది! నొప్పి చెప్పుకోవడం కూడా ఒక భాష. అడిగేవాడుంటేనే ఆ భాష వస్తుంది.

బడిలో నీళ్ళు తాగాలంటే దోసిలి పట్టాలి. పై నుంచి పోసేవాళ్ళు. గ్లాసు ముట్టొద్దు, కుండ ముట్టొద్దు. ఎండాకాలం ఆ కుండనీళ్ళు దోసిట్లో పడితే ఎంత సల్లగా ఉండేవో! మోచేతుల మీదుగా సగం కారిపోయేవి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

చదువుకున్నాను. టీచరునయ్యాను. 1994లో దండోరా మొదలైనప్పుడు మా జిల్లా మీటింగులకు సంకలో బిడ్డనెత్తుకొని పోయినదాన్ని. డప్పు మా ఇంట్ల ఆడవాళ్ళు ముట్టేది కాదు. ఆ రోజుల్లో నేను మా చిన్నాయన దగ్గర నేర్చుకున్న. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. మైకు దొరికితే మాట్లాడేదాన్ని కూడా. "మన గాయాలు మనమే చెప్పుకోవాలె" అని వందల మంది ముందు అరిచి చెప్పినదాన్ని. జాతి గాయం చెప్పడం నేర్చుకున్నానే గాని, నా ఒంటి నొప్పి చెప్పడం మాత్రం నాకు రాలేదు.

2018లో దొడ్డికి పోతే నెత్తురు పడ్డది. మొలలేమో అనుకున్నా. ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. పొద్దున నాలుగింటికి డ్యూటీకి పోయే మనిషికి ఇదొకటా అనుకున్నా. ఒకనాడు బోర్డు మీద ఎక్కాలు రాస్తూ రాస్తూ కండ్లు తిరిగి పడిపోయాను. ఒంట్లో నెత్తురు ఆరు గ్రాములే ఉందన్నారు. ఆ తర్వాత హైదరాబాదు, పరీక్షలు, పెద్దపేగు క్యాన్సర్. 2019 జనవరిలో ఆపరేషన్ చేశారు. గడ్డ పక్కనున్న బిళ్ళల్లోకి కూడా పాకిందన్నారు. కీమో తప్పదన్నారు. రెండు వారాలకొకసారి, మొత్తం పన్నెండు సార్లు, ఆరు నెలలు.

ఆ మందుల్లో ఒకదాని పేరు ఆక్సాలిప్లాటిన్. ప్లాటినం లోహంతో చేసిన మందు. బంగారం కంటే పెద్దదంటారే, ఆ ప్లాటినమే. మెడలో పుస్తెలు తప్ప బంగారం ఎరగనిదాన్ని, నెత్తుట్లోకి ప్లాటినం ఎక్కించుకున్నాను. ఇంకో మందును చిన్న సీసా పంపులో పెట్టి నడుముకు కట్టేవాళ్ళు. నలభై ఆరు గంటలు అది కొంచెం కొంచెం ఎక్కేది. దాంతోనే ఇంటికొచ్చేదాన్ని.

మొదటిసారి ఎక్కించి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పింది: "అమ్మా, సల్లటి నీళ్ళు ముట్టొద్దు. సల్లటివి తాగొద్దు. ఫ్రిజ్జు ముట్టొద్దు."

ఆ పిల్ల మంచికే చెప్పింది. అది మందు గుణం. కాని "నీళ్ళు ముట్టొద్దు" అనే మాట చెవిలో పడంగానే నా ఒళ్ళు జలదరించింది. నలభై ఏండ్ల కిందటి మాట అది. దవాఖాన మెట్ల మీద కూర్చొని చాలాసేపు ఏడ్చాను. మా ఆయన క్యాన్సర్ గురించి ఏడుస్తున్నదనుకున్నాడు.

ఇంటికొచ్చిన రెండోనాడు మరిచిపోయి బిందెలో చెయ్యి పెట్టాను. ఫిబ్రవరి పొద్దుటి నీళ్ళు. కరెంటు తీగ పట్టుకున్నట్టు వేళ్ళన్నీ కొంకర్లు పోయినయి. స్టీలు గ్లాసు పట్టుకుంటే అదే. ఒకసారి కుండనీళ్ళు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆగినట్టయింది. నా బిడ్డ అప్పుడు నర్సింగు చదువుతున్నది. అది నీళ్ళు గోరువెచ్చగ చేసి, నా నోటికందించేది. చేతులకు గుడ్డ గ్లౌజులు కుట్టించింది. చిన్నప్పుడు ముట్టనియ్యని నీళ్ళు, ఇప్పుడు ముట్టలేని నీళ్ళు. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. ఒకటి మనుషులు చేసిన పాపం, ఇంకోటి ప్రాణం నిలబెట్టిన మందు. అయినా ఒకే ఒళ్ళు కదా, రెండూ గుర్తుపెట్టుకున్నది.

ఈ సల్లదనం బాధ ప్రతిసారీ వారం లోపల తగ్గేది. తగ్గనిది ఇంకోటి, లోలోపల మొదలైంది. ఏడో సారికో ఎనిమిదో సారికో కాలి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కినయి. తర్వాత చేతి వేళ్ళు. చీర కుచ్చిళ్ళు పట్టు దొరికేవి కావు. జాకెట్టు హుక్కులు బిడ్డే పెట్టేది. ప్రతిసారీ మందెక్కించే ముందు డాక్టరు గారు అడిగేవారు: "తిమ్మిర్లు ఉన్నాయా? గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? నడుస్తుంటే ఏమన్నా తేడా ఉందా?" నేను ప్రతిసారీ ఏమన్నానో తెలుసా? "ఏంలేదు సార్, మంచిగనే ఉంది."

ఎందుకన్నాను? చెప్తే మందు ఆపేస్తారేమో, ఆపేస్తే క్యాన్సర్ తిరగబెడుతుందేమో అని ఒక భయం. అంతకంటే లోపల ఇంకొకటుంది. పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి "ఏమైంది?" అంటే "ఏంగాలే" అనడం మా నాయిన నాకిచ్చిపోయిన ఆస్తి. తర్వాత తెలిసింది, ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావని. నరాలు దెబ్బ తింటున్నాయని తెలిస్తే ఆ ఒక్క మందు మోతాదు తగ్గిస్తారు, లేదంటే దాన్ని ఆపి మిగతా మందులు నడిపిస్తారు. నరాలు పాడుకాకుండా ముందే కాపాడే మందంటూ ఏదీ లేదు. సమయానికి చెప్పడం, సమయానికి తగ్గించడం, అదే కాపుదల. నేను చెప్పలేదు. పన్నెండూ పూర్తి మోతాదులో ఎక్కించుకున్నాను.

ఆగస్టులో కీమో అయిపోయింది. ఇక తగ్గుతుందనుకున్నా. ఇంకా పెరిగింది. ఈ మందుకు ఆ గుణం ఉందట. ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు నరాల బాధ పెరుగుతూ పోతుంది. వెన్నుపూస పక్కన నరాల గడ్డలుంటాయి. ప్లాటినం అక్కడ పేరుకుంటుంది. పొడుగు నరాలకు ముందు దెబ్బ తగులుతుంది. అందుకే మొదట పాదాలు, తర్వాత చేతులు. మేజోళ్ళు, గ్లౌజులు తొడుక్కున్నట్టు అంతవరకే తిమ్మిరి. దసరా నాటికి కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బజారులో ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఒట్టిగా ఇంటికొచ్చిన రోజులున్నాయి. చెప్పులు కుట్టే మాదిగ బిడ్డకు కాలికి చెప్పుందో లేదో తెలియకుండా పోయింది. ఒకసారి గాజుపెంకు గుచ్చుకుంటే బండల మీద నెత్తుటి అడుగులు చూసి ఎవరివా అని వెతికాను. నావే.

స్పర్శ పోతే నొప్పి కూడా పోవాలె కదా? పోదు. అదే ఈ రోగం ఎగతాళి. పగలంతా మొద్దుబారి ఉంటయి. రాత్రి పదయిందంటే నిప్పులు. పాదాల కింద ఆరెతో పొడుస్తున్నట్టు, ఒక్కో వేలును కుట్టుకుంటూ పోతున్నట్టు. దుప్పటి తగిలితే మంట. గోడకానుకొని కూర్చొని తెల్లారగట్టేదాన్ని. బళ్ళో సుద్దముక్క చేతిలోంచి జారేది. పిల్లలు తీసిచ్చేవాళ్ళు. మూడోసారికి నవ్వేవాళ్ళు.

ఒక దవాఖానలో చెప్పుకున్నాను. ఏ దవాఖానో, ఎవరో ఇక్కడ అవసరం లేదు. ఆయన నా కాగితాలు చూశాడు, నా ఇంటిపేరు చూశాడు, మీదే ఊరమ్మా అని అడిగాడు, ఊళ్ళో ఏ వైపు అని కూడా అడిగాడు. తర్వాత నవ్వుతూ "మీవాళ్ళు కష్టజీవులు గదమ్మా, గట్టోళ్ళు. తట్టుకుంటరు. అలవాటైపోతది" అన్నాడు. మెచ్చుకున్నట్టే అన్నాడు. మా అవ్వను నడుము దాకా బురదలో నిలబెట్టినోళ్ళు కూడా ఇదే అన్నారు. మేము గట్టోళ్ళమని. మా తోలు మందమని. తోలు పని చేసినోళ్ళం కదా, మా తోలు కూడా తోలేననుకున్నారు.

డిసెంబరులో నా బిడ్డ నన్ను నొప్పుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయింది. ఆమె అడిగింది: "నొప్పికి సున్న నుంచి పది వరకు మార్కులెయ్యండమ్మా. సున్న అంటే అసలు లేదు. పది అంటే ఇంతకంటే ఉండదు."

ఇరవై ఏండ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని. ఒక్క సగం మార్కుకు కూడా లెక్క చెప్పగలను. నా నొప్పికి వెయ్యమంటే నోట్లోంచి వచ్చింది: "రెండు, మేడం."

తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చాడు. "అబద్ధమమ్మా! ఎనిమిది రాసుకోండి. రాత్రంత గోడకు కూసుంటది. నేను నాలుగింటికి లేచేసరికి అట్లనే కూసోని ఉంటది." ఎన్నడూ దవాఖానలో నోరు తెరవని మనిషి.

ఆమె ఎనిమిదే రాసింది. ఒక గోలీ రాసింది. డులోక్సెటిన్. మొదటి వారం ముప్పై మిల్లీగ్రాములు, తర్వాత అరవై, అన్నం తిన్నాక వేసుకొమ్మంది. బయట ఇంకో యాభై మంది ఉన్నారు. ఎక్కువ చెప్పే తీరిక ఆమెకు లేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

మందుల షాపు అబ్బాయి చీటీ చూసి కొంచెం గట్టిగానే అడిగాడు: "ఇవి డిప్రెషన్ గోలీలు మేడం. ఎవరికి?" నా వెనక మా బడి టీచరొకామె నిలబడి ఉంది. "మా చుట్టాలకు" అన్నాను.

ఆ రాత్రి కడుపు మండింది. నా కాళ్ళు కాలుతున్నయి అంటే, నాకు పిచ్చి అని రాసిందా ఈమె? నాది నొప్పి కాదు, మనాది అన్నదా? మా చిన్నమ్మ గుర్తుకొచ్చింది. చెట్టంత కొడుకు బాయిలో పూడిక తీస్తూ మట్టి కూలి చచ్చిపోతే, ఆమె ఒంటరిగా మాట్లాడుకునేది. ఒళ్ళంతా మంట మంట అనేది. వేపమండలతో కొట్టారు. పిచ్చిది అన్నారు. ఆ పేరు మీదనే చచ్చిపోయింది. ఆమెకు ఏ నొప్పి ఉండేదో ఎవరూ అడగలేదు. మైకుల ముందు నేనే చెప్పేదాన్ని, "రోగం మనకు కాదు, ఈ సమాజానికి" అని. ఇప్పుడు ఆ గోలీల డబ్బా నా దిండు కింద.

అయినా వేసుకున్నాను, బిడ్డ పోరు పడలేక. మొదటి వారం వాంతి వచ్చినట్టుండేది. నోరెండేది, మత్తుగా ఉండేది, మలబద్ధకం. మూడో వారంలో ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే, నేను పడుకొని ఉన్నాను. కూర్చొని లేను. అంటే అప్పటిదాకా నిద్రపోయాను. కాళ్ళు మండుతున్నాయి గాని ఎవరో పొయ్యిలో కట్టెలు కొన్ని వెనక్కి గుంజినట్టుంది.

అప్పుడే స్టాఫ్‌రూములో మాట నా చెవిన పడింది. "వచ్చిందే కోటా మీద. ఇప్పుడు మెంటల్ గోలీలు కూడా." నేను లోపలికి పోంగానే మాట ఆగిపోయింది. టీ గ్లాసులు చప్పుడైనయి. ఆ సాయంత్రం ఇంటికి పోయి డబ్బా తీసి మోరీలో పారేశాను.

ఈ తప్పు ఎవరూ చెయ్యకండి. రెండోనాటికే తల తిరుగుడు. తల పక్కకు తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టు. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. నొప్పి రెండింతలై వచ్చింది. నాలుగోనాడు బళ్ళో పిల్లల ముందర గోడ పట్టుకొని కూలబడ్డాను. "చూసిండ్రా, నిజంగనే" అన్నట్టు చూశారందరు.

మా ఆయన సెలవు పెట్టి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయాడు. నేను మోరీలో పారేసిన సంగతి ఆయనే చెప్పాడు. ఆమె తిట్టలేదు. పెన్ను కింద పెట్టి "ఎందుకమ్మా?" అంది. అప్పుడు నోరు తెరిచాను. నాకు పిచ్చా మేడం అన్నాను. నాకు నొప్పి లేదనుకున్నారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. షాపు సంగతి, స్టాఫ్‌రూము సంగతి, గట్టోళ్ళు తట్టుకుంటరన్న సంగతి. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత కాగితం మీద ఒక మనిషి బొమ్మ గీసింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. నొప్పి పాదం నుంచి వెన్నుపాములోకి, అక్కడి నుంచి మెదడుకు ఎక్కుతుంది. కాని దారి ఒక్కవైపే కాదు. మెదడు నుంచి కిందికి కూడా ఒక దారుంది, వచ్చే నొప్పిని ఆపడానికి. ఆ పని చేసే రసాయనాల్లో రెండు ముఖ్యమైనవి సెరటోనిన్, నారెపినెఫ్రిన్. మనసు దిగులులో కూడా ఆ రెంటికీ పాత్ర ఉంది. అందుకే ఈ మందు ముందు దిగులు మందుగా పేరు పడ్డది. నరం చివర నుంచి బయటికొచ్చిన ఆ రసాయనాలను నరం మళ్ళీ వెనక్కి పీల్చుకుంటుంది. ఈ గోలీ ఆ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. అవి అక్కడే ఎక్కువసేపు నిలబడి నొప్పిని కట్టడి చేస్తాయి.

నాకు మా అమ్మమ్మ తండ్రి యాదికొచ్చాడు. ఊరి చెరువుకు నీరటి. తూము దగ్గర కావలి. నీళ్ళు ఎంత వదలాలె, ఎప్పుడు మూయాలె అనేది ఆయన చేతిలో ఉండేది. నొప్పికి కూడా వెన్నులో ఒక తూము ఉందన్నమాట. నీరటోళ్ళను పొద్దుగూకగానే ఇంటికి పంపిస్తే రాత్రంతా నీళ్ళు పారి పొలం మునుగుతది. ఈ గోలీ వాళ్ళను ఇంటికి పోనియ్యదు. అంతే. పాడైన నరాన్ని బాగు చెయ్యదు. తూము దగ్గర మనిషిని నిలబెడుతుంది.

"మనాది ఉన్నోళ్ళకే కాదమ్మా, షుగరు వల్ల కాళ్ళు మండేవాళ్ళకు కూడా 2004 నుంచి ఇదే మందు వాడుతున్నారు" అన్నది ఆమె. అంతకు ముందు నుంచీ అమిట్రిప్టిలిన్ అనే పాత దిగులు మందును కూడా తక్కువ మోతాదులో నరాల నొప్పులకు వాడుతున్నారట. కాని కీమో వల్ల వచ్చిన నరాల నొప్పికి బాగా నిలబడ్డ రుజువు డులోక్సెటిన్‌కే ఉందన్నది.

"ఎంత రుజువు?" అన్నాను. లెక్కల టీచర్ని కదా. ఆమె నవ్వి చెప్పింది. అమెరికాలో 231 మంది మీద చేసిన పరీక్ష 2013లో అచ్చయింది. కొందరికి ఈ గోలీ, కొందరికి మందు లేని ఒట్టి గోలీ, ఎవరికేదో తెలియకుండా ఐదు వారాలు ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 59 మంది నొప్పి తగ్గిందన్నారు. ఒట్టి గోలీ వేసుకున్నవాళ్ళలో కూడా నూటికి 38 మంది తగ్గిందన్నారు. పది మార్కుల నొప్పిలో సగటున తగ్గింది ఒక మార్కు చిల్లర. ఒట్టి గోలీకి మూడో వంతు మార్కు. నాలాగా ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్ళకు కొంచెం ఎక్కువ మేలు కనిపించింది.

అంటే నూటికి 41 మందికి తగ్గలేదన్నమాట. ఇది మంత్రం కాదు, మహిమ కాదు. ఆమె ఆ మాట దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. తగ్గుతుందని ఒట్టేసి చెప్పినోళ్ళ మందుల కోసం అప్పటికే నాటు వైద్యాలకు, నూనెలకు బోలెడు తగలేసి ఉన్నాను.

చివర మళ్ళీ అడిగింది. "ఇప్పుడు చెప్పండి. ఎన్ని?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరవలేదు. నేల చూస్తున్నాడు. నేనే చెప్పాలె. చాలాసేపు పట్టింది.

"ఎనిమిది" అన్నాను. "రాత్రి తొమ్మిది."

నా బతుకులో మొదటిసారి నా నొప్పికి నేను సరైన మార్కులేసుకున్నాను.

మళ్ళీ ముప్పైతో మొదలు పెట్టి అరవైకి పోయాను. రెండు నెలలకు రాత్రి నొప్పి నాలుగుకు దిగింది. అక్కడే ఆగింది. తిమ్మిరి మాత్రం పోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గోలీలు అయిపోతాయేమోనని భయపడ్డాను గాని, మా ఆయన పోలీసుల లాఠీలు తప్పించుకుంటూ తెచ్చిపెట్టాడు. పారేసుకునే గోలీల నుంచి కాపాడుకునే గోలీల దాకా వచ్చాను. 2021లో డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లమెల్లగా మోతాదు తగ్గించుకుంటూ ఆపేశాను. ఈసారి తల తిరగలేదు.

ఇంకొక్క మాట దాచకుండా చెప్పాలె. ఆ గోలీల వల్ల నా మనసు కూడా కొంచెం తేలికైంది. నాకు మనాది లేదని ఎంత కొట్లాడానో, ఆ మనాది ఉండనే ఉండె. ఎందుకుండదు? దోసిట్లో నీళ్ళు పోసినప్పటి నుంచి ఉండి ఉంటది. దిగులు రావడం సిగ్గు కాదు. దానికి మందు వేసుకుంటే ఉద్యమానికి ద్రోహం కాదు. సమాజానికి రోగముందని చెప్తూనే, ఆ రోగం మన ఒంట్లో చేసిన గాయానికి కట్టు కట్టుకోవచ్చు. మా నాయిన కూడా చేతికి పసుపు పెట్టుకున్నాడు కదా. కాకపోతే చీకట్లో పెట్టుకున్నాడు. నేను వెలుతుర్లో పెట్టుకుంటున్నా, అంతే తేడా.

మా వాడలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఒక వదినె ఉంది. ఆమెకూ కాళ్ళ మంటలు. నా గోలీలు నాలుగు ఇయ్యమంది. ఇయ్యలేదు. డాక్టరమ్మను అడిగితే మంచి పని చేశావన్నది. ఆ వదినె టామోక్సిఫెన్ వాడుతున్నది. కాలేయంలో ఒక ఎంజైము ఆ మందును పనిచేసే రూపానికి మారుస్తుందట. డులోక్సెటిన్ ఆ ఎంజైముకు అడ్డం పడుతుంది. నాకు మేలు చేసింది ఆమెకు కీడు చెయ్యొచ్చు. కాలేయం బాగాలేనివాళ్ళకు, ఎక్కువగా తాగేవాళ్ళకు కూడా ఇది పనికిరాదు. ఆమెను వెంటబెట్టుకొని దవాఖానకు పోయాను. "ఎన్ని మార్కులమ్మా?" అంటే "ఒకటో రెండో" అన్నది. నేను ఆమె చెయ్యి గట్టిగ పట్టుకున్నా. "వదినే, నిజం చెప్పు. ఇక్కడ కూలి కొయ్యరు" అన్నాను. ఆమె ముసుగులో మొహం పెట్టుకొని "ఏడు" అన్నది.

ప్రపంచంలో నొప్పుల మీద పనిచేసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఒకటుంది. వాళ్ళు నొప్పి అంటే ఏమిటో 1979లో ఒక నిర్వచనం రాశారు. 2020లో దాన్ని సవరించి కొన్ని వివరాలు చేర్చారు. నాకు నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటను గౌరవించాలన్నారు. నొప్పిని తెలిపే దారుల్లో నోటిమాట ఒకటి మాత్రమే అన్నారు. చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదన్నారు. నా బిడ్డ అది చదివి వినిపించిన రోజు మా నాయిన, మా అవ్వ, మా చిన్నమ్మ ముగ్గురూ నా కండ్ల ముందు నిలబడ్డారు. వాళ్ళు బతికుండగా ఆ ముక్క ఎవరికన్నా తెలిసి ఉంటే!

2024 ఆగస్టు ఒకటిన వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రాత్రి మా వాడంతా రోడ్డు మీదికొచ్చింది. పిల్లలు డప్పులు కాపుకొని వాయిస్తున్నారు. ఎవరో నా మెడలో కూడా డప్పు వేశారు. సిటికెన పుల్ల వేళ్ళ మధ్య ఉందో లేదో నాకు తెలియలేదు. కండ్లతో చూస్తూ వాయించిన. రెండుసార్లు జారిపోయింది. మా చిన్నాయన మనుమడు తీసిచ్చి నా వేళ్ళకూ పుల్లకూ కలిపి రబ్బరుబ్యాండు వేసిండు. ముప్పై ఏండ్ల కింద నేర్చుకున్న దరువు, వేళ్ళు మరిచిపోయినా మణికట్టు మరిచిపోలేదు.

మొన్న బళ్ళో మా వాడ పిల్లొకతె ఆటలో పడి మోకాలు పగిలింది. నెత్తురు కారుతున్నది. "ఏమైందమ్మా?" అన్న. లంగాతో తుడుచుకొని "ఏంగాలే టీచర్" అన్నది. ఎనిమిదేండ్ల పిల్ల. ఆ మాట నేర్పిన బడి ఏదో నాకు తెలుసు. పక్కన కూర్చున్నా. "పదికి ఎన్ని మార్కులేస్తవు?" అని రెండోసారి అడిగిన. అది నా మొహంలోకి చూసి, నేను నిజంగానే అడుగుతున్నానో లేదో తేల్చుకొని, అప్పుడు ఏడ్చింది.

మనవాళ్ళ పిల్లలు ఇప్పుడు డాక్టర్లవుతున్నారు, నర్సులవుతున్నారు. ఇది చదివే మీలో కూడా ఉంటారు. మీ ముందు కూర్చున్న ముసలామె "ఏంలేదు బిడ్డా" అంటే కాగితం మీద సున్న రాసుకోకండి. ఇంకొక్కసారి అడగండి.